తోర్ వెనక తలుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. గుమ్మానికి ఎదురుగా, గుమ్మానికి అన్నిటికన్నా దూరంగా, తోర్ అనే పెద్దల చోటులో బూబు అవ్వ. ఆమెకు కుడిపక్క పెద్దకొడుకు మంబెత్. ఎడమపక్క కొత్త కట్టడాలకి అనుమతిచ్చే కమిషన్ పెద్ద కదిరోవ్, అతనితో వచ్చిన మాట్లాడని మనిషి ఒకడు. వాళ్ళకి దిగువగా అవ్వ మనవలు సిర్గాక్, ఉర్మత్. ఉర్మత్ పెళ్ళికొడుకు. ఆ ఇద్దరి తల్లి గుల్సున్, చనిపోయిన చిన్నకొడుకు భార్య, వంటింట్లో బోర్సోక్ పిండిముక్కలు నూనెలో వేస్తోంది. అందరికన్నా చివర, గుమ్మం పక్కన, సమోవర్ దగ్గర మోకాళ్ళు ముడుచుకుని సిర్గాక్ భార్య జిపార్.

కోడలు టీ పోయడం ఈ నరీన్ కొండల్లో చిన్న పని కాదు. గిన్నె నిండా పోస్తే తాగేసి ఇక లేవమన్నట్టు. అడుగున కాస్త పోసి, అది అయిపోగానే గిన్నె అందుకుని మళ్ళీ కాస్త పోసి, అలా పోస్తూ ఉంటే ఇంకాసేపు కూర్చోమన్నట్టు. జిపార్ పెళ్ళయి వచ్చిన కొత్తలో అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని నేర్పింది, ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో. ఇప్పుడు ఆ చెయ్యి చూడకుండానే పోస్తుంది. అందుకే ఆమె చెవులు ఖాళీగా ఉన్నాయి.

"హాలు మాత్రం అదిరింది మంబెత్," అంటున్నాడు కదిరోవ్, మాంసం ముక్క ఎముక నుంచి కోస్తూ. "మొత్తం జిల్లాలో ఇలాంటి పెళ్ళిహాలు లేదు. మావాడు కూడా అదే అన్నాడు." మాట్లాడని మనిషి తల ఊపాడు. "ఒక్క ఆ వెనక తలుపు. దాని మీద అంత పెద్ద ఉన్ని తివాచీ వేలాడదీశావు చూడు..."

"ఆ తివాచీ మా అమ్మ చేత్తో కుట్టింది. అక్కడ కాక ఎక్కడ పెట్టను? నీ నెత్తి మీద పెట్టనా?"

అందరూ నవ్వారు. బూబు అవ్వ కూడా నోట్లో పళ్ళు లేని నవ్వు నవ్వింది.

"సరేగానీ, తలుపుకి తాళం ఉంది కదా?"

"ఉంది. తాళంచెవి నా జేబులో ఉంది. నేను హాల్లో ఉంటాను. ఇంకేం కావాలి నీకు?"

"అదీ నిజమే," అని కదిరోవ్ వేళ్ళు తుడుచుకున్నాడు. "చెవి యజమాని జేబులో ఉంటే తలుపు తెరిచి ఉన్నట్టే. పొద్దున్నే సంతకం పెట్టేశాను, ఊరికే అడిగాను."

జిపార్ చెయ్యి ఆగింది. సమోవర్ కుళాయి కింద గిన్నె అలాగే ఉంది, టీ సన్నగా పడుతోంది. ఆ హాలు ప్లానులో తలుపులన్నీ ఆమే గీసింది. డిజైన్ ఆఫీసులో మంటల నుంచి మనుషులు తప్పించుకునే దారులు చూసే పని ఆమెది. ఎంతమంది కూర్చుంటారు, పొగ ఎటు పోతుంది, ఎంత వెడల్పు తలుపు కావాలి, అది ఎటు తెరుచుకోవాలి. ఆ వెనక తలుపు కోసం కట్టుబడివాళ్ళతో ఎండాకాలమంతా పోట్లాడింది.

"తాళం ఉంటే అది తలుపు కాదండీ," అంది. "గోడ."

గొంతు చిన్నదే. కానీ గుమ్మం పక్కనుంచి మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"ఎవరీ అమ్మాయి?" అన్నాడు కదిరోవ్.

"మా తమ్ముడి పెద్దకోడలు. నువ్వు సంతకం పెట్టిన ప్లాను గీసింది ఈ పిల్లే!" మంబెత్ తొడ చరిచి నవ్వాడు. "చదువుకుంది కదా, నిప్పు అంటే చాలు, నిద్రలో కూడా లేచి కూర్చుంటుంది. ఏరా సిర్గాక్, ఇంట్లో పొయ్యి వెలిగించాలన్నా దీని అనుమతి కావాలా?"

"కావాలి పెదనాన్నా," అన్నాడు సిర్గాక్ తల వంచుకుని. అతనూ నవ్వాడు. ఆ నవ్వు జిపార్‌కి అందరి నవ్వులకన్నా గట్టిగా వినిపించింది.

"బంగారు చేతులు," అని కదిరోవ్ ఖాళీ గిన్నె ఆమె వైపు చాచాడు. "ప్లానూ గీస్తాయి, టీ కూడా పోస్తాయి. పొయ్యమ్మా."

జిపార్ గిన్నె అందుకుంది. కుళాయి తిప్పింది. టీ అంచు దాకా వచ్చింది, అంచు మీద ఉబ్బెత్తుగా నిలబడింది. పాలు పోయడానికి కూడా చోటు లేదు. రెండు చేతులతో, చుక్క ఒలకకుండా, కదిరోవ్ ముందు పెట్టింది.

కదిరోవ్ ఆ గిన్నె వంక చూశాడు, తర్వాత మంబెత్ వంక చూశాడు, టోపీ వెతుక్కున్నాడు.

వాళ్ళు వెళ్ళాక గుల్సున్ వంటింట్లో పిండి చేతులతోనే కోడలి మోచెయ్యి పట్టుకుంది. "ఏం పనే ఇది? మీ మావయ్య పోయిన దగ్గర్నుంచి ఈ ఇంటికి గొడుగు ఆయనే. ఉర్మత్ పెళ్ళికి హాలు ఊరికే ఇస్తున్నాడు. కొత్త హాల్లో మొదటి పెళ్ళి మనదే. ఆయన అతిథికి నిండు గిన్నె పోస్తావా?"

"అత్తయ్యా, ఆ తలుపు తెరవకపోతే..."

"ఆ తలుపు సంగతి మగవాళ్ళు చూసుకుంటారు. నువ్వు పిండి చూడు, మాడుతోంది."

నిజంగానే మాడుతోంది. జిపార్ జల్లిగరిటె అందుకుంది.

*

మర్నాడు ఆడవాళ్ళు తివాచీలు, పరుపులు హాలుకి మోశారు. హాలు ఊరి చివర, నది ఒడ్డున. కిటికీలు లేని పొడుగాటి ఇటుక కట్టడం. లోపల గోడలకి అద్దాలు, అద్దాల మధ్య బంగారురంగు పువ్వులు. పైన కప్పు కనిపించకుండా తెల్లని సన్నటి బట్ట మడతలు మడతలుగా దించారు. బట్ట వెనక థర్మాకోల్ పలకలు. చలి రాకుండా అవే చాలన్నాడట మంబెత్. జిపార్ ప్లానులో బట్టా లేదు, థర్మాకోలూ లేదు.

ముందు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి ఆమె హాలు పొడవునా నడిచింది. అవతలి గోడకి ఆనించి చెక్కలతో మోకాలెత్తు వేదిక కట్టారు. పెద్దలకీ, వధూవరులకీ అక్కడే బల్లలు. వేదిక వెనక గోడంతా బూబు అవ్వ తివాచీ, ఎర్రని, నల్లని కొమ్ముల అల్లికతో. జిపార్ చుట్టూ చూసింది. ఆడవాళ్ళు పరుపులు దులుపుతున్నారు. వేదిక పక్కనుంచి తివాచీ అంచు పట్టుకుని కొంచెం ఎత్తింది.

తలుపు ఉంది. తను గీసిన వెడల్పే, ఇద్దరు భుజం భుజం రాసుకుంటూ పోగలిగినంత. కానీ నడుమెత్తున అడ్డంగా ఉండాల్సిన కడ్డీ లేదు. మనిషి వచ్చి పడితే చాలు, ఆ బరువుకే తెరుచుకునే కడ్డీ అది. దాన్ని విప్పేసిన చోట బోల్టుల బొక్కలు మాత్రం ఉన్నాయి. వాటి పైన కొత్త గొళ్ళెం, గొళ్ళేనికి పిడికిలంత తాళం.

ఆమె తాళం చేత్తో తూచినట్టు ఎత్తి వదిలింది. ఇనుము ఇనుముకి తగిలి ఠంగుమంది.

"ఏం చూస్తున్నావమ్మాయ్?"

మంబెత్ వెనకే ఉన్నాడు. కోపంగా లేడు. కొత్త ఇల్లు చూపించేవాడి ముఖంలా ఉంది అతని ముఖం.

జిపార్ తివాచీ వదిలి తల వంచింది. పెద్దమావయ్య కళ్ళలోకి చూడడం, ఆయన్ని పేరుతో పిలవడం కోడలికి లేదు. నేల వంక చూస్తూనే అడిగింది. "కడ్డీ ఎందుకు తీసేశారు పెద్దమావయ్యా?"

"పిల్లలు తోసుకుని బయటికి పోతారు. బయట నది. నీ ప్లానులో నది లేదా?"

"గట్టు మీద కంచె గీశాను. కట్టలేదు."

"కడతాంలే." అతను వేదిక అంచున కూర్చున్నాడు. "ఇలా చూడు. నువ్వు చదువుకున్నదానివి, నేను నీ మీద అరవను. ఒక్క మాట చెప్పు. హాల్లో తోర్ ఎక్కడుంటుంది?"

"గుమ్మానికి ఎదురు గోడకి."

"నువ్వు రెండో తలుపు ఎక్కడ పెట్టావు?"

జిపార్ తల తిప్పి తివాచీ వంక చూసింది.

"ఎదురు గోడకే. అంటే మా అమ్మ వీపు వెనక! మా అమ్మని, ఊళ్ళో పెద్దల్ని, పెళ్ళికూతురి తరఫు ముసలివాళ్ళని, అందర్నీ తలుపు పక్కన కూర్చోబెట్టమన్నావు. తలుపు పక్కన ఎవరు కూర్చుంటారు? నువ్వు కూర్చుంటావు. గిన్నెలు అందించేవాళ్ళు కూర్చుంటారు. అక్కడ తలుపుందని తెలిస్తే ఎవరైనా ఆ వేదిక ఎక్కుతారా? అందుకే కప్పాను. నీ తప్పు నేను కప్పాను తెలుసా?"

ఆ మాట నిజం. జిపార్‌కి చెవులు వేడెక్కాయి. రెండు తలుపులూ ఒకదానికొకటి వీలైనంత దూరంలో ఉండాలని నిబంధన. ఒకదాని దగ్గర మంట ఉంటే జనం రెండోదాని వైపు పరుగెత్తాలి. స్కేలు పెట్టి దూరం కొలిచింది, గీత గీసింది. ఆ గీత దగ్గర ఎవరు కూర్చుంటారో ఆలోచించలేదు. పుట్టినప్పటి నుంచీ తోర్ ఎటుందో చూసుకుని కానీ ఏ గదిలోనూ కూర్చోనిది, కాగితం మీదకి వచ్చేసరికి ఎలా మరిచిపోయింది?

"తప్పు నాదే," అంది. "అయితే దిద్దుదాం. వేదిక విప్పి ఆ పొడుగు గోడకి మార్చండి. అక్కడ ఏ తలుపూ లేదు. పెద్దలు రెండు తలుపులకీ దూరంగా ఉంటారు. ఈ దారి ఖాళీగా ఉంటుంది. వడ్రంగులు ఒక్క పూటలో చేస్తారు."

"దీపాలు ఇటు బిగించాను. అద్దాలు ఇటు. పెళ్ళికూతురు గుమ్మం నుంచి తోర్ దాకా తిన్నగా నడిచి రావాలి. పక్క గోడకి పెడితే ఎండ్రకాయలా పక్కకి తిరిగి నడవాలా?" అతను లేచాడు. "పెళ్ళయ్యాక చూద్దాం."

"పెళ్ళిలోనే జనం ఉంటారు పెద్దమావయ్యా. మూడొందల మంది. పైన థర్మాకోల్. ముందు గుమ్మం దగ్గరే వంటిల్లు. మంట పుడితే అక్కడే పుడుతుంది, అందరూ ఇటే వస్తారు."

"నోరు మంచిది చేసుకో," అన్నాడు మంబెత్. ఇప్పుడు గొంతు మారింది. "నా హాలు మొదటి పెళ్ళికి మంట మంట అంటావా? నువ్వు ఈ ఇంటికి దీపం పెట్టడానికి వచ్చావా, కొరివి పెట్టడానికి వచ్చావా?"

పరుపులు దులిపే చప్పుడు ఆగింది. గుల్సున్ దూరం నుంచి చూస్తోంది, రెండు చేతులతో ఒక దిండు గుండెకి హత్తుకుని.

జిపార్ బయటికి వచ్చి ఆఫీసుకి ఫోన్ చేసింది. పెద్ద ఇంజనీరు విసుగ్గా విన్నాడు. "నీ బొమ్మలో తలుపుంది. కట్టినదాంట్లోనూ తలుపుంది. దానికి ఎవడో తాళం వేశాడంటే అది మన పని కాదు జిపార్. కమిషన్‌ని అడుగు." కమిషన్‌కి చేసింది. కదిరోవ్ గుర్తుపట్టాడు. "ఓ, నిండు గిన్నె అమ్మాయివా! చెల్లెమ్మా, పెళ్ళికి నేనూ వస్తున్నాను. మీ పెద్దమావయ్య నన్ను తోర్‌లోనే కూర్చోబెడతానన్నాడు. తగలబడితే ముందు నేనే కదా తగలబడేది? భయం లేకుండా వస్తున్నాను చూడు, ఇంతకంటే పెద్ద హామీ ఏముంటుంది?"

ఫోన్ పెట్టేశాక ఆమె హాలు వెనక్కి నడిచింది. బయటివైపు నుంచి తలుపు బాగుంది, కొత్త రంగు వేశారు. దానిపైన ఆకుపచ్చ పలక, పరుగెత్తే మనిషి బొమ్మతో. ఆ పలక లోపలివైపు ఉండాలి. లోపల అందానికి అడ్డమని తెచ్చి బయట బిగించారు. హాల్లోంచి పారిపోయేవాళ్ళకి కాక, నదికి చూపిస్తున్నట్టు.

*

హాల్లో కింద పడి ఉన్న ముక్కలు రెండు ఆమె కోటు జేబులో తెచ్చుకుంది. ఒకటి కప్పు బట్ట, ఒకటి థర్మాకోల్. సాయంత్రం కాకముందే వాకిట్లో, బొగ్గు తీసే పార మీద రెండూ పెట్టి సిర్గాక్‌ని పిలిచింది.

"చూడు," అని అగ్గిపుల్ల గీసింది.

బట్ట మాయమైంది. కాలింది అనడానికి కూడా వీల్లేదు, నిప్పు తగలగానే ముడుచుకుని లేకుండా పోయింది. థర్మాకోల్ మాత్రం కరిగి చుక్కలు చుక్కలుగా పార అంచు నుంచి కారింది. ప్రతి చుక్కా మండుతూ పడింది. నల్లని పొగ తాడులా లేచింది. సిర్గాక్ దగ్గి వెనక్కి తగ్గాడు. తీగ మీద ఆరేసిన ఉర్మత్ పెళ్ళిచొక్కా మీద మసి నూగులు వాలాయి.

"ఇది అరచేతిలో పట్టేంత ముక్క," అంది జిపార్. "అక్కడ కప్పంతా ఇదే. నువ్వు నవ్వావు."

"ఎప్పుడు?"

"పొయ్యికి అనుమతి కావాలా అన్నప్పుడు."

సిర్గాక్ పార తీసుకుని మట్టిలో గుచ్చాడు. మంచివాడే. కాలేజీకి దారి చూపించిందీ, ఉద్యోగం మానెయ్యమని వాళ్ళమ్మ అన్నప్పుడు అడ్డం నిలబడిందీ అతనే. "రెండ్రోజులు ఓపిక పట్టు," అన్నాడు. "పెళ్ళి అయిపోనీ. తర్వాత నేనే అడుగుతాను. ఇప్పుడు పెదనాన్నకి ఎదురు తిరిగితే ఉర్మత్ పెళ్ళి ఎక్కడ చేస్తాం? వాకిట్లోనా?"

"వాకిట్లో చేస్తే ఎవరూ చావరు."

"ఏం మాటలవి!" వంటింటి గుమ్మంలోంచి గుల్సున్ అరిచింది. "పెళ్ళి వారంలో చావు మాట! అమ్మాయ్, లోపలికి రా. ఆ కంపేంటి? చొక్కా చూడు, చొక్కా! వదినవా, శత్రువువా?"

ఉర్మత్ చొక్కా దులుపుతూ, "పోనీలే అమ్మా, మళ్ళీ ఉతుకుతా," అన్నాడు. వదినకేసి చూసి కళ్ళు దించుకున్నాడు.

జిపార్ చొక్కా తీసుకుని తనే ఉతికింది. మసి తొందరగా పోలేదు. సబ్బు రాసి రెండు పిడికిళ్ళతో రుద్దింది, చేతివేళ్ళ కణుపులు ఎర్రబడేదాకా.

లోపల బూబు అవ్వ పొయ్యి పక్కన కూర్చుని ఉంది. ఆమెకి చూపు మందగించింది, వాసన మాత్రం తెలుస్తుంది. "ఇటు రావే," అంది. "ఏం కాల్చావు?"

"పెళ్ళిహాలు కప్పు, అవ్వా."

అవ్వ అర్థమైనట్టు తల పంకించింది. పొయ్యిలో కర్ర ఒకటి సర్దింది. "నా చిన్నప్పుడు కొండ మీద, ఉన్ని గుడారంలో ఉండేవాళ్ళం. ఒకసారి గుమ్మం పక్కన నూనె అంటుకుంది. ఇంకెటు పోతాం? మా అమ్మ తోర్ వైపు పరుగెత్తి గోడ ఉన్ని పట్టుకుని పైకి ఎత్తేసింది. కింద సందులోంచి మమ్మల్ని ఒక్కొక్కర్నీ బయటికి తోసేసింది, గొర్రెపిల్లల్ని తోసినట్టు. మా నాయన పరుపులు తొక్కింది, పెద్దల చోటు తొక్కింది. ఎవరూ ఏమీ అనలేదు." చేతులు నిప్పుకి చాచింది. "గుడారానికి ఎటు ఎత్తితే అటే తలుపు. మీ ఇటుక గోడలకి అలా ఉండదు కదా?"

"ఉండదు అవ్వా. అందుకే తలుపు పెడతాం."

"పెట్టావా మరి?"

"పెట్టాను."

చెప్పెయ్యాలనుకుంది, నీ వీపు వెనకే ఉందని, తాళం ఉందని. అప్పటికే గుల్సున్ టీ గిన్నెలు తెచ్చి పెడుతూ కళ్ళతో వద్దని వేడుకుంటోంది. జిపార్ ఊరుకుంది. ఊరుకున్నందుకు ఆ రాత్రి తన మీదే తనకి ఒళ్ళు మండింది.

*

పెళ్ళినాడు మధ్యాహ్నానికే హాలు నిండిపోయింది. పొరుగూళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, పెళ్ళికూతురు నాజిక్ తరఫువాళ్ళు, పిల్లలు, చంటిబిడ్డలు. కుర్చీలు చాలక గోడల పక్కన బెంచీలు వేశారు. వేదిక మీద మధ్యలో వధూవరులు. కుడివైపు, సరిగ్గా ఆ తలుపుకి ముందు, తివాచీ కొమ్ముల అల్లిక కింద, తెల్లని తలపాగాలో బూబు అవ్వ. ఆమె పక్కన కదిరోవ్, గౌరవ అతిథికి పెట్టే గొర్రెతల ముందు పెట్టుకుని పెద్దరికంగా. ముందు గుమ్మం దగ్గర వంటింటి తెర గాలికి ఎగురుతోంది. దాని వెనక పెద్ద మూకుళ్ళలో నూనె కాగుతోంది.

జిపార్ తలకి తెల్ల రుమాలు కట్టుకుని పళ్ళెం మోస్తోంది. ముందు గుమ్మం నుంచి వేదిక దాకా, వేదిక నుంచి ముందు గుమ్మం దాకా. వెళ్ళిన ప్రతిసారీ దారి ఇంకాస్త సన్నబడుతోంది. బెంచీలు ముందుకి జరుగుతున్నాయి.

అప్పుడే ఇద్దరు కుర్రాళ్ళు నల్లటి పెట్టెలు రెండు తెచ్చి వేదికకి అటూ ఇటూ పెట్టారు. తీగలు లాగారు. మైకు పట్టుకున్న ఆయన గొంతు సవరించుకుని, "ఇప్పుడు మంబెత్ గారి తరఫున కొత్త దంపతులకి కానుక! కప్పుని తాకే నిప్పుపూలు!" అని అరిచాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

జిపార్ పళ్ళెం పక్క బల్ల మీద పెట్టేసింది. మంబెత్ వేదిక మెట్ల దగ్గర నిలబడి అతిథులకి తల ఊపుతున్నాడు. ఆమె అతని పక్కకి వెళ్ళి, తల వంచి, ఎవరికీ వినపడకుండా అంది. "పెద్దమావయ్యా, అవి వెలిగించకండి. లేదంటే తాళంచెవి నాకివ్వండి."

"పోయి టీ చూడు," అన్నాడు నవ్వు ముఖం మార్చకుండా.

"కాళ్ళు పట్టుకుంటాను."

"అందరూ చూస్తున్నారు. పో."

ఆమె సిర్గాక్ కోసం చూసింది. అతను మగవాళ్ళ బల్ల దగ్గర ఉన్నాడు. ఆమె ముఖం చూడగానే సగం లేచాడు. లేచి అలాగే ఆగాడు.

జిపార్ చెప్పులు విప్పింది. వేదిక ఎక్కింది.

కోడలు తోర్ ఎక్కదు. అడుగు పెట్టాల్సి వస్తే పెద్దలకి వీపు చూపించకుండా, నడుము వంచి, అంచున నడుస్తుంది. జిపార్ తిన్నగా నడిచింది. బల్లకీ, ముసలివాళ్ళ మోకాళ్ళకీ మధ్య నుంచి, కదిరోవ్ పళ్ళెం దాటి, బూబు అవ్వ భుజం పక్కనుంచి. తివాచీ అడుగు అంచు రెండు చేతులతో పట్టుకుని పైకెత్తింది. బరువుగా ఉంది. భుజం కింద పెట్టి ఇంకా ఎత్తింది. పై మేకులు రెండు ఊడి పడ్డాయి. తివాచీ ఒక పక్కకి వాలిపోయింది.

మైకు ఆగిపోయింది. హాలంతా తలుపుని చూసింది. తాళాన్ని చూసింది.

"అక్కడ తలుపుందా?" అన్నారెవరో, పెళ్ళికూతురి వైపు ఆవిడ. "మా నాన్నగారిని తలుపు దగ్గర కూర్చోబెట్టారా?"

మంబెత్ వేదిక మీదకి దూకినట్టు వచ్చాడు. ముఖం కాలిన ఇటుకలా ఉంది. "నువ్వు..." అన్నాడు. ఇంత జనం ముందు కోడలి మీద చెయ్యి ఎత్తలేడు. "ఈ తలుపంటే అంత ఇష్టమా నీకు? దీన్లోంచే పోతావా? పో! ఇప్పుడే తెరుస్తాను, ఇందులోంచే పో!"

జేబులోంచి తాళంచెవుల గుత్తి తీశాడు. ఇంటివీ, కారువీ, గిడ్డంగివీ అన్నీ ఒక్క గుత్తికే. ఒకటి పెట్టాడు, తిరగలేదు. ఇంకోటి పెట్టాడు. గుత్తి కింద పడింది. వంగి తీసుకుని ఏది పెట్టాడో మరిచిపోయి మళ్ళీ మొదటిదే పెట్టాడు.

హాల్లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. పొగ లేదు. ఎవరూ తోసుకోవడం లేదు. మూడొందల మందీ కూర్చుని, తాళంచెవి జేబులో ఉన్న యజమాని తలుపు తెరవడం చూస్తున్నారు. ఎక్కడో ఒక చంటిబిడ్డ ఏడుపు మొదలుపెట్టి, ఏడ్చి ఏడ్చి ఆపేసింది. ఇంకా తెరుచుకోలేదు.

చివరికి తాళం ఊడింది. మంబెత్ గొళ్ళెం తీసి తలుపు తన వైపు లాగాడు. కదల్లేదు. కాలు గోడకి తన్నిపెట్టి మళ్ళీ లాగాడు.

"బయటికి తొయ్యాలి పెద్దమావయ్యా," అంది జిపార్ మెల్లగా.

కదిరోవ్ ఎప్పుడు లేచాడో, గొర్రెతల వదిలేసి వేదిక కిందకి దిగి నిలబడ్డాడు. ముందు గుమ్మం ఎంత దూరమో తల తిప్పి చూస్తున్నాడు. నల్లపెట్టెల దగ్గర కుర్రాళ్ళలో ఒకడు చేతిలోని మీట కింద పెట్టేసి తీగ పీకేశాడు. అలా చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు.

మంబెత్ తోశాడు. తలుపు భళ్ళున తెరుచుకుంది. నది చల్లగాలి లోపలికి కొట్టి కప్పు బట్టని ఈ చివర నుంచి ఆ చివర దాకా అలలా ఊపింది. అందరూ తలెత్తి ఆ బట్టని చూశారు.

అతను జిపార్ మోచెయ్యి పట్టుకుని గడప అవతల నిలబెట్టాడు. కాళ్ళకి చెప్పులు లేవు. గట్టు రాళ్ళు చల్లగా తగిలాయి.

"బావగారూ, వద్దు బావగారూ..." గుల్సున్ గొంతు.

"మంబెత్," అంది బూబు అవ్వ. ఆమె కూర్చున్న చోటనే చెయ్యి చాచి ఉంది. "ఆ తాళం ఇటియ్యి."

"అమ్మా, నువ్వు ఊరుకో."

"ఇటియ్యమన్నాను."

అతను ఇచ్చాడు. అవ్వ తాళాన్ని తడిమి చూసి, ఎంత పెద్దదో తెలుసుకుని, పొడుగుకోటు లోపలి జేబులో వేసుకుంది. "నా వీపు వెనక తలుపు పెట్టి, దాని మీద నా తివాచీ కప్పి, దానికి తాళం వేసి, నన్ను దాని ముందు కూర్చోబెట్టావా?" అంది. అరవలేదు. "గాలి కొడుతోంది. నన్ను లేపండి. ఆ పక్క గోడకి మార్చండి."

ఉర్మత్ ఆమె చంక కింద చెయ్యి వేసి లేపాడు. సిర్గాక్ రెండోవైపు నుంచి వచ్చి పట్టుకున్నాడు. ఆమె లేస్తే వేదిక మీద ఎవరూ కూర్చోకూడదు. నాజిక్ తాత లేచాడు, ఊరి ముసలివాళ్ళు లేచారు, పెళ్ళికూతురు పావడా ఎత్తిపట్టుకుని లేచింది. బల్లలు జరుగుతున్నాయి, బెంచీలు గీరుకుంటున్నాయి. అవ్వ ఎక్కడ కూర్చుంటే అదే తోర్. హాలంతా ఆ పొడుగు గోడ వైపు తిరిగింది.

గడప బయట నిలబడిన జిపార్‌కి మంబెత్ భుజం పక్కనుంచి ఖాళీ వేదిక కనిపించింది. దాని అవతల, మనుషులు రెండు పక్కలకీ జరిగిన మధ్యలో, ముందు గుమ్మం దాకా తిన్నగా దారి. ఆమె కాగితం మీద గీసిన గీత అది.

మంబెత్ కూడా వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, కోపంతోనో మరెందుకో.

"నువ్వు మాత్రం నా గుమ్మం తొక్కకు," అన్నాడు.

చెయ్యి అలవాటుగా గొళ్ళెం దగ్గరికి పోయింది, ఖాళీగా వెనక్కి వచ్చింది. వెయ్యడానికి తాళం లేక, రెండు చేతులతో తలుపు లాగి ఆమె ముఖం మీద మూసేశాడు.